పెడళ్ళ గురించి అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

బాబాయి ఆశీస్సులు.

నీ బేస్ గిటార్‌కి కొనాలని నువ్వు రాసి పంపిన పెడళ్ళ (కాలితో నొక్కి ధ్వనిని మార్చుకునే చిన్న పెట్టెల) పట్టిక చూశాను. కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, ఆక్టేవ్, ఎన్వలప్ ఫిల్టర్, కోరస్, డిలే. ఈ ఆరింటిలో ఏది ముందు కొనాలని నీ ప్రశ్న. చెబుతాను. కానీ ఆ పట్టిక చూస్తే, ఒక్కో పెడల్ ఎలా మోగుతుందో విని, నచ్చిన వరుసలో రాసుకున్నావని తెలిసిపోతోంది. నాది వేరే లెక్క. బేస్ గిటార్‌కి తగిలించిన ప్రతి పెడలూ మన చేతిలోని ఏదో ఒక లోపాన్ని పట్టి బయటపెడుతుంది. ఏది ఏ లోపాన్ని పడుతుందో తెలిసి కొంటే అది నాదమూ ఇస్తుంది, పాఠమూ చెబుతుంది. తెలియకుండా కొంటే కొన్నాళ్ళకే విసుగొచ్చి మరో పెడల్ మీద మనసు పడుతుంది.

ముందు పట్టికలో లేనిది కొను: ట్యూనర్ పెడల్. నొక్కగానే ధ్వని ఆగిపోతుంది, పాటకూ పాటకూ మధ్య ఎవరికీ వినబడకుండా శ్రుతి చేసుకోవచ్చు. బేస్ శ్రుతి తప్పితే జనం అనుమానించేది గాయకులనే, కాబట్టి ఇది నీకన్నా వాళ్ళకే ఎక్కువ అవసరం. శ్రుతి చూసేటప్పుడు పాటలో ఎంత బలంగా మీటుతావో అంతే బలంగా మీటు. గట్టిగా మీటిన లావు తీగ మొదట కాస్త పైకి పోయి, ఆ తరువాత దిగి నిలుస్తుంది.

ఆ పైన ఇంకేమీ కొనకుండా ఒక పని చెయ్యి. నీకు బాగా వచ్చిన ఒక పాటను పెడళ్ళేవీ లేకుండా, మెట్రోనోమ్‌తో వాయించి రికార్డు చెయ్యి. పాట వేగం నిమిషానికి 100 దెబ్బలైతే మెట్రోనోమ్‌ని 50లో పెట్టి, ఆ టిక్కులను రెండో దెబ్బగా, నాలుగో దెబ్బగా లెక్కపెట్టుకో. ఒకటో దెబ్బను, మూడో దెబ్బను నువ్వే నిలబెట్టాలి. రికార్డును ఫోను స్పీకర్‌లో వినకు. నాలుగో తీగను ఖాళీగా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది; అంత చిన్న స్పీకర్ దాన్ని పలకలేదు, దాని పైనుండే ఉపస్వరాలనే వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను.

వినేటప్పుడు స్వరాలు సరిగా మొదలయ్యాయా లేదా అన్నదే కాదు, ఎక్కడ ఆగాయో చూడు. బేస్ నేర్చుకునేవాళ్ళలో చాలామంది స్వరాన్ని మొదలుపెట్టడం మీదే శ్రమంతా పెడతారు. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే క్షణానికి నీ స్వరం ఆగిందా, దాని మీదుగా సాగిందా అన్నదాన్ని బట్టి పాట నడకే మారిపోతుంది. ఏ పెడలూ ఈ పని చేసిపెట్టదు. జేమ్స్ జేమర్‌సన్ 1960లలో మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటలకు వాయించిన బేస్‌ను ఒకసారి శ్రద్ధగా విను. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు, తీగలు నున్నటి ఫ్లాట్‌వౌండ్ రకం, గిటార్ చాలావరకు నేరుగా మిక్సింగ్ కన్సోల్‌లోకే వెళ్ళేది. ఆ స్వరాల పొడవు గమనించు. కొన్ని మరీ పొట్టిగా, కొన్ని పక్క స్వరానికి అంటుకునేటట్టు. ఆ తేడా అంతా వేళ్ళలోనే ఉంది.

ఇప్పుడు పట్టికలోకి వస్తాను. నన్నడిగితే మొదటిది ఆక్టేవ్. నువ్వు దాన్ని మూడో స్థానంలో పెట్టావు, అదీ కీబోర్డు బేస్ లాంటి లావైన ధ్వని కోసం. ఆ ధ్వని ఎలాగూ వస్తుంది. నేను దాన్ని ముందుకు జరిపింది మరో కారణంతో.

పాత అనలాగ్ ఆక్టేవ్ పెడళ్ళు, అంటే 1982లో వచ్చిన బాస్ కంపెనీ ఓసీ-2 లాంటివి, ఒకసారికి ఒక్క స్వరాన్నే పట్టుకోగలవు. వచ్చే తరంగాన్ని గమనించి, దాని వేగాన్ని సగానికి తగ్గించి, ఒక స్థాయి కింది స్వరాన్ని పుట్టిస్తాయి. రెండు తీగలు కలిసి మోగితే దేన్ని పట్టుకోవాలో తెలియక గుడగుడలాడతాయి. ఇక్కడే మన బండారం బయటపడుతుంది. రెండో తీగ మీద వాయిస్తూ ఉంటే, మనం ముట్టుకోని మూడో తీగ తనంతట తాను సన్నగా కంపిస్తూ ఉంటుంది. మామూలుగా అది చెవికి అందదు. ఆక్టేవ్ పెడల్‌కి మాత్రం అందుతుంది. కాబట్టి పెడల్‌లో నీ అసలు ధ్వనిని పూర్తిగా తగ్గించి, కింది స్థాయి ఒక్కటే వినబడేటట్టు పెట్టి, నెమ్మదిగా పొడవాటి స్వరాలు వాయించు. ప్రతి స్వరమూ చివరిదాకా వణక్కుండా నిలిస్తే మిగతా తీగలను నొక్కిపట్టడం నీకు వచ్చినట్టే. వణికితే పెడల్‌ని తిట్టకు. కుడిచేతి బొటనవేలిని తీగల కింద ఉండే పికప్ మీద ఒకే చోట ఆనించి ఉంచే అలవాటు నీకుంది. దాన్ని మానుకుని, సన్న తీగల మీదికి వెళ్ళినప్పుడల్లా బొటనవేలు కూడా వెంట కదిలి లావు తీగల మీద ఆనేటట్టు చూసుకో. ఎడమచేతి వేళ్ళలో ఖాళీగా ఉన్నవాటిని సన్న తీగల మీద తేలికగా వాల్చు.

ఒక సంగతి గుర్తుంచుకో. ఆక్టేవ్‌ని నాలుగో తీగ కింది ఫ్రెట్ల (మెడ మీది అడ్డకమ్మీల) దగ్గర వాడితే ప్రయోజనం లేదు. ఖాళీ తీగ 41 హెర్ట్జ్ అయితే దాని కింది స్థాయి 20 చిల్లర. అది మనిషి వినికిడికి అంచు, చాలా స్పీకర్లు అక్కడిదాకా దిగవు. పెడల్ కూడా అంత కింద తడబడుతుంది. మూడో తీగ ఏడో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి చూడు. అక్కడి స్వరం 82 హెర్ట్జ్, దాని కింది స్థాయి సరిగ్గా నీ ఖాళీ నాలుగో తీగ. అక్కడి నుంచి పైకి వెళ్ళేకొద్దీ పెడల్ కుదురుగా పలుకుతుంది. ఈ వంకన మెడ మీద ఐదో ఫ్రెట్ దాటి స్వరాలు వెతుక్కోవడం కూడా అలవాటవుతుంది. ఎప్పుడూ మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గరే కూర్చునే నీకు అది మేలే చేస్తుంది.

ఎన్వలప్ ఫిల్టర్ కూడా ఇలాంటి కఠినమైన గురువే. దీన్ని కాలితో తొక్కుతూ నడపనక్కర లేదు. ఎంత బలంగా మీటితే ఫిల్టర్ అంతగా తెరుచుకుని ధ్వనిలోని పై భాగాన్ని వదులుతుంది. ఫంక్ బేస్ వాద్యకారుడు బూట్సీ కాలిన్స్ మ్యూట్రాన్-3 అనే పెడల్‌తో పలికించిన ఆ నోరు తెరిచినట్టుండే ధ్వని ఇదే. ఆ పెడల్ 1970ల తొలినాళ్ళది, దాని వారసులు ఇప్పుడు ఎన్నో. సెన్సిటివిటీ నాబ్‌ని (మీటే బలానికి ఎంతగా స్పందించాలో చెప్పేది) మధ్యలో పెట్టి ఒకే స్వరాన్ని ఎనిమిదిసార్లు మీటు. చూపుడు వేలితో మీటినవి ఒకలా, మధ్యవేలితో మీటినవి మరోలా తెరుచుకుంటాయి; దాదాపు అందరికీ అంతే. ఎనిమిదీ ఒకేలా వచ్చేదాకా చెయ్యి. వచ్చాక, మొదటిది అతి మెత్తగా, ఎనిమిదోది బలంగా, మధ్యవి మెట్లు మెట్లుగా పెరిగేటట్టు చెయ్యి. ఈ రెండో సాధనే కష్టం. ఇది మాత్రం కొనమని చెప్పను. నీకు తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకో, నేర్చుకుని తిరిగి ఇచ్చెయ్యి. పాటల్లో దీని అవసరం చాలా తక్కువ, ఎక్కువ వాడితే విసుగు.

కంప్రెసర్‌ని నువ్వు మొదట పెట్టావు. అందరూ ఇచ్చే సలహా అదే, చెడ్డ సలహా కూడా కాదు. కానీ నీకు ఇప్పుడే వద్దంటాను. కంప్రెసర్ పని పెద్ద స్వరాలను అణచడం. నిష్పత్తి 4:1 అంటే, మనం పెట్టిన హద్దుకు నాలుగు డెసిబెళ్ళు పైకి వచ్చిన ధ్వని ఒక్క డెసిబెల్ మాత్రమే పైకి బయటికి వెళుతుంది. చేతిలో సమానత్వం లేనప్పుడు దీన్ని పెట్టుకోవడం, చేతిరాత కుదరని పిల్లవాడికి టైపు మిషను కొనిచ్చినట్టు. చెయ్యి కాస్త కుదిరాక కొను. అప్పుడు అణచివేత ఎంత జరుగుతోందో చూపే దీపాలు ఉన్నదాన్ని ఎంచుకో. మూడు నుంచి ఆరు డెసిబెళ్ళ దాకా అణిగితే చాలు. అటాక్‌ని (అణచడం మొదలయ్యే వేగాన్ని) మరీ వేగంగా పెట్టకు, వేలు తీగను వదిలిన ఆ మొదటి చురుకు చచ్చిపోతుంది. వాయిస్తూ దీపాల వైపు ఒక కన్ను వెయ్యి. ఒక తీగ మీద ఎక్కువగా, మరో తీగ మీద తక్కువగా వెలుగుతుంటే ఏ తీగను గట్టిగా కొడుతున్నావో నీకే తెలుస్తుంది.

ధ్వనిని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్, ఫజ్ నీకు ఎక్కువ ఇష్టమని తెలుసు. అది గిటార్ వాళ్ళ సొత్తనీ, మనం అరువు తెచ్చుకుంటున్నామనీ నువ్వు రాశావు. కాదు. నాష్‌విల్‌లో రికార్డు చేసి 1961లో విడుదల చేసిన ఒక పాటలో, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్ చెడిపోయిన కన్సోల్ చానెల్ గుండా వెళ్ళి బొంగురుగా చిరిగినట్టు పలికింది. ఆ ధ్వనికి జనం ముచ్చటపడటంతో ఇంజనీర్ గ్లెన్ స్నాడీ అలాంటి సర్క్యూట్‌నే తయారుచేశాడు, 1962లో అది మైస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్‌గా అమ్మకానికి వచ్చింది. కాబట్టి మొహమాటపడకుండా వాడుకో.

అయితే గిటార్ కోసం చేసిన ఓవర్‌డ్రైవ్ పెడళ్ళు బేస్‌కి పెడితే అడుగు ఊడిపోతుంది. ఉదాహరణకు ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్‌కి కింద ఉన్నదాన్ని క్రమంగా పలుచన చేస్తుంది. గిటార్‌కి అది వరం, మనకు నష్టం. అందుకే బ్లెండ్ నాబ్ ఉన్నదే కొను. అసలు ధ్వనిని అడుగున ఉంచి పైన గరుకుదనం కలుపుకోవచ్చు. మొదట గెయిన్‌ని (గరుకు మోతాదుని) నీకు నచ్చినంత పెంచుకో, తరువాత అందులో సగానికి తగ్గించు. ఒంటరిగా ఉన్నప్పుడు తక్కువనిపించే గరుకు, డ్రమ్స్, గిటార్లు కలిసినప్పుడు సరిపోతుంది. ఈ పెడల్ పట్టిచ్చే లోపం ఏమిటంటే, వేళ్ళు తీగల మీద జారే రాపిడి, ఫ్రెట్ మీద వదులుగా నొక్కిన గిలగిల. మామూలు ధ్వనిలో కనబడకుండా పోయేవన్నీ ఇక్కడ ముందుకు వస్తాయి.

కోరస్, డిలే రెండూ ప్రస్తుతానికి కొట్టెయ్యి. డిలే ఒక్కటి అప్పుడప్పుడు సాధనకు పనికొస్తుంది: ఒక దెబ్బ ఆలస్యంతో పెట్టి వాయిస్తే, నీ కాలం జారినప్పుడల్లా ప్రతిధ్వని వచ్చి నీ కొత్త స్వరంతో తగువు పడుతుంది.

ఏది కొన్నా ఒక పరీక్ష పెట్టు. పెడల్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ధ్వని పరిమాణం సమానంగా ఉండేటట్టు లెవెల్ నాబ్‌ని సర్దుకో. ఆ తరువాతే నచ్చిందో లేదో తేల్చుకో. ఏ ధ్వనైనా కాస్త పెద్దదైతే చెవికి మెరుగ్గానే తోస్తుంది, దుకాణంలో మనం మోసపోయేది ఎక్కువగా అక్కడే. మరొకటి, గదిలో ఒంటరిగా కూర్చుని మధ్య పౌనఃపున్యాలను తగ్గించి, అడుగునూ పైనా పెంచుకుంటే ఎంతో అందంగా ఉంటుంది. అదే అమరికతో బృందంలో కూర్చుంటే నువ్వు మాయమైపోతావు. అడుగును కిక్ డ్రమ్, పైభాగాన్ని సింబల్స్ ఆక్రమిస్తాయి. వినబడటం లేదనిపిస్తే వాల్యూమ్ కన్నా ముందు 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచి చూడు.

తగిలించే వరుస: ట్యూనర్, ఫిల్టర్ ఉంటే అది, ఆక్టేవ్, కంప్రెసర్, చివర ఓవర్‌డ్రైవ్. ఫిల్టర్ కంప్రెసర్‌కి ముందు ఉండాలి, లేకపోతే దానికి కావలసిన హెచ్చుతగ్గులు అణిగిపోతాయి. మిగతావి అటూ ఇటూ మార్చి చూడటంలో తప్పేమీ లేదు, ఏదీ కాలిపోదు. కాలేది కరెంటు విషయంలో పొరపాటు చేస్తే. చాలా పెడళ్ళకు 9 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్యలో మైనస్; కొన్నిటికి వేరే ఉంటుంది. అడాప్టర్ మీదా, పెడల్ మీదా ఉన్న గుర్తులు కలిశాయో లేదో చూడకుండా గుచ్చకు. పెడళ్ళన్నిటికీ కావలసిన మిల్లీయాంపులు కూడి, అడాప్టర్ అంతకన్నా ఎక్కువ ఇచ్చేదై ఉండేటట్టు చూసుకో.

కాబట్టి నా వరుస ఇది: ట్యూనర్, ఆక్టేవ్, బ్లెండ్ ఉన్న ఓవర్‌డ్రైవ్, బాగా ఆలస్యంగా కంప్రెసర్. ఒకటి కొన్నాక దాంతో కనీసం ఐదారు పాటలు పూర్తిగా వాయించనిదే రెండోది కొనకు. వాటిలో ఎక్కడ పెడల్ నొక్కాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ వదలాలో కాగితం మీద రాసుకో. ఈలోగా పైన చెప్పిన రికార్డు నాకు పంపించు. పెడల్ లేనిదే పంపు, బాగా వచ్చినదాన్ని ఏరి పంపకు, మొదటిసారి వాయించినదే పంపు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క.: నీది యాక్టివ్ బేస్ కదా. వాయించడం అయిపోయాక కేబుల్‌ని గిటార్ నుంచి పీకెయ్యి. చాలా యాక్టివ్ గిటార్లలో ప్లగ్ దూర్చి ఉన్నంతసేపూ లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. బ్యాటరీతో నడిపే పెడళ్ళదీ ఇదే సంగతి, ఇన్‌పుట్ కేబుల్ తీసేస్తేనే అవి ఆగుతాయి.