అమ్మానాన్నలతో తెల్ల ఊళ్ళకి: కారు వద్దు, బస్సెక్కు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మాడ్రిడ్‌లో ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది తిరగలేదు, అమ్మానాన్నలు వస్తున్నారు, దక్షిణ స్పెయిన్‌లోని గ్రనడాలో కారు అద్దెకు తీసుకుని కొండమీది సున్నం కొట్టిన తెల్ల ఊళ్ళు చూపిస్తానంటున్నావు. శుభ్రంగా చూపించు. కారు మాత్రం తీసుకోకు. వీసా, డ్రైవింగ్ పర్మిట్ సంగతులు నేను రాయను. సర్కారు వెబ్‌సైట్లలో అన్నీ ఉన్నాయి, చదువుకో.

ఏ ఊరని అడిగావు కదా. సియెర్రా నెవాడా కొండలకి దక్షిణం వైపు ఆల్పుహర్రా అనే ప్రాంతం ఉంది. అక్కడ పొకేయిరా లోయలో పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అని మూడు ఊళ్ళు ఒకదానికి పైన ఒకటి ఉంటాయి. కింది ఊరు వెయ్యి మీటర్ల పైన, పై ఊరు 1,430 మీటర్ల ఎత్తున. మిగతా దక్షిణ స్పెయిన్ (ఆండలూసియా) తెల్ల ఊళ్ళలో పెంకుటిళ్ళు కనిపిస్తాయి, ఇక్కడ మాత్రం అన్నీ చదును కప్పులే. రాతి గోడలు, చెస్ట్‌నట్ దూలాలు, వాటిపైన పలకరాళ్ళు, ఆ పైన వాన నీళ్ళు దిగకుండా లౌనా అనే బూడిదరంగు మట్టి. అచ్చం మా అనంతపురం వైపు చవుడు పోసిన మిద్దెల్లాగే. ఈ పద్ధతి ఇక్కడ ముస్లిములు ఏలిన కాలంనాటిది. 1568లో ఇక్కడి మోరిస్కోలు, అంటే బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లిములు, తిరగబడ్డారు, 1571 కల్లా స్పెయిన్ రాజు అణిచేశాడు. వాళ్ళని వెళ్ళగొట్టి ఉత్తరాది నుంచి వేరే జనాన్ని తెచ్చి పెట్టారు. మనుషులు మారినా మిద్దెలూ, నీటి కాలువలూ అవే మిగిలాయి.

ఇక కారు సంగతి. కొత్తలో నేనూ నీలాగే మహా హుషారుగా ఉండేవాణ్ణి. కౌంటర్లో అమ్మాయి ఫుల్ ఇన్సూరెన్స్ రోజుకి ఇంత అనగానే మనసులో రూపాయల్లోకి మార్చుకుని, అమ్మో, వద్దన్నాను. అయితే క్రెడిట్ కార్డు మీద వెయ్యి యూరోల పైన హోల్డ్ పెడతామంది. తిరిగొచ్చే డబ్బే కదా అని సంతకం పెట్టేశాను. పంపనేయిరా దగ్గర ఊరి బయటే పార్కింగ్ కనిపించింది. ఫోన్ ఇంకా లోపలికి పొమ్మంది, పోయాను. కంచరగాడిదలు నడవడానికి వేసిన సందులవి. ఒక మలుపు దగ్గర కారు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మా ఆవిడ దిగి "ఇటు, ఇటు" అంటోంది. పైన కిటికీలోంచి ఒక ముసలాయన తాపీగా చూస్తున్నాడు. చివరికి ఆయనే దిగొచ్చి అంగుళం అంగుళం వెనక్కి నడిపించాడు. కారు పక్క అద్దం నల్లటి డొప్ప మీద తెల్లగా సున్నం అంటుకుంది. చేతిరుమాలుతో తుడిస్తే పోయింది, హమ్మయ్య అనుకున్నా. దాని కింద గీత బయటపడింది. తలుపు దాకా సాగింది.

ఆ గీతకి కంపెనీ పట్టుకున్న డబ్బు అప్పటి నా ఇంటద్దె కంటే ఎక్కువ. మా నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. అలాంటి దెబ్బలు తింటూనే ఇక్కడ ఇల్లు కొన్నాననుకో, అది వేరే కథ. మీ తరానికి ఫోన్ ఏం చెబితే అదే వేదం కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నా.

గ్రనడా బస్టాండు నుంచి ఆల్సా అనే కంపెనీ బస్సు ఉంది. లన్హరోన్, ఓర్హివా మీదుగా రెండు గంటలు పైనే పడుతుంది. రోజుకి కొన్నే సర్వీసులు, కాబట్టి తిరుగు బస్సు టైము ముందే చూసుకో. రోడ్డంతా మలుపులు, అమ్మకి వాంతులు రాకుండా మాత్ర వేయించు. ముందు కపిలేయిరా దాకా వెళ్ళి, దిగేటప్పుడు పంపనేయిరాలో ఆగండి. ఊరి నుంచి ఊరికి నడక దారి ఉంది గానీ, బాగా ఏటవాలు, పెద్దవాళ్ళ మోకాళ్ళకి పనికిరాదు.

పంపనేయిరాలో సాన్ ఆంతోనియో ఊట దగ్గర పలక మీద రాసి ఉంటుంది, పెళ్ళి కోరుకుని ఈ నీళ్ళు తాగితే సంబంధం కుదురుతుందని. మీ అమ్మగారికి ఎవరైనా చదివి చెప్పారో, నీచేత తాగించకుండా వదలరు. ఫ్రీయే కదా, తాగెయ్.

తిండి దగ్గర జాగ్రత్త. ఈ కొండల్లో పంది మాంసం లేని ప్లేటు తక్కువ. మాంసం వద్దని ఊరుకుంటే హ్యామ్ ముక్కలో ట్యూనానో వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అవి మాంసం కాదు. "సిన్ హమోన్, సిన్ అతూన్" (హ్యామ్ వద్దు, ట్యూనా వద్దు) అని విడివిడిగా చెప్పు. పాపాస్ ఆ లో పోబ్రే అడుగు: ఆలివ్ నూనెలో ఆలుగడ్డ, ఉల్లి, పచ్చి క్యాప్సికం. మనవాళ్ళు ఇంటినుంచి తెచ్చిన పచ్చడితో బ్రహ్మాండంగా తింటారు. గ్రనడా వైపు డ్రింకు చెబితే చిన్న ప్లేటు ఊరికే ఇస్తారు, నాన్నగారి కోకుకి కూడా అడిగి చూడు. మధ్యాహ్నం రెండు దాటితే దుకాణాలు మూసేసి ఐదింటికి తీస్తారు.

నగదు గ్రనడాలోనే తీసుకో. నాన్నగారి ఇండియా కార్డు వాడితే ఏటీఎం రూపాయల్లో లెక్క కట్టమంటావా అని అడుగుతుంది. వద్దని యూరోలే నొక్కు, లేకపోతే రేటులో కోసేస్తుంది.

పాత గుడ్డపీలికలతో నేసే హరాపాలనే రంగురంగుల రగ్గులు ప్రతి కొట్టు ముందూ వేలాడుతుంటాయి. అమ్మ తప్పకుండా కొంటానంటారు, బేరం కూడా ఆడతారు, వాళ్ళు తగ్గించరు. చిన్నదైతే కొనివ్వు. పెద్దది బాగా బరువు, విమానంలో అదనపు లగేజీకి కట్టే డబ్బుతో ఇంకో రెండు వస్తాయి.