పర్లాకిమిడి నుంచి తవాంగ్‌కు: రైలు, బండి, పర్మిట్ ఎలా కుదుర్చుకోవాలి?

పర్లాకిమిడి నుంచి నలుగురం, అమ్మానాన్నలకు అరవై దాటాయి, దసరా సెలవుల్లో పది రోజుల్లో అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ చూసి రాగలమా, గువాహటిలో సీటుకింత అని ఎక్కించుకునే షేరింగ్ సుమో ఎక్కాలా, బండి మాట్లాడుకోవాలా అని అడిగారు. వెళ్లి రావచ్చు. బండి మాట్లాడుకోండి. పది రోజులే ఉంటే వచ్చేటప్పుడు గువాహటి నుంచి విమానం పట్టుకోక తప్పదు. రెండు వైపులా రైలే అయితే పన్నెండు రోజులు పెట్టుకోండి. అంతకు తగ్గిస్తే ఆ కోత కొండదారి మీద పడుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు కోత పడకూడని చోటు అదే.

బరంపురం మీదుగా ఈశాన్యానికి నేరుగా పోయే బళ్లున్నాయి, కన్యాకుమారి–డిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ లాంటివి. గువాహటికి ఇంచుమించు రోజున్నర. మీకు పలాస దగ్గరే గానీ దూరపు బళ్లన్నీ అక్కడ ఆగవు, ఆగే స్టేషన్ చూసుకుని టికెట్ తీయండి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. మన దసరా, బెంగాల్ దుర్గాపూజ ఒకే వారంలో వస్తాయి, కాబట్టి ఆ మొదటి రోజు పొద్దున్నే కూర్చుని తీయాల్సిందే.

నేరు బండిలో బెర్తులు దొరక్కపోతే హౌరా వెళ్లి అక్కడ సరాయ్‌ఘాట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కవచ్చు. ఇక్కడ చాలామంది తడబడేది స్టేషన్ దగ్గర. కోరమండల్ హౌరాకు పోదు, షాలిమార్‌లో ఆఖరు. గువాహటి మీదుగా పోయే కాంచనజంఘా ఎక్స్‌ప్రెస్ బయల్దేరేది సియాల్దా నుంచి. పూజల రోజుల్లో కోల్‌కతా ట్రాఫిక్‌లో సామానుతో స్టేషన్ మారడం పెద్దవాళ్లకు నరకం. హౌరాకే వచ్చే బండి ఎంచుకుని, రెండు బళ్ల మధ్య కనీసం ఐదారు గంటలు ఉంచండి. రెండు టికెట్లూ తీశాక రెండు పీఎన్‌ఆర్‌లనూ కలిపించుకోండి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే వాడని టికెట్ డబ్బు తిరిగి అడగడానికి అదే ఆధారం. అందుకు రెండు టికెట్లలో ప్రయాణికుల పేర్లు ఒకేలా ఉండాలి.

కొండల్లో వర్షం గురించి అందరూ అడుగుతారు, మన ఒడ్డు సంగతి మరచిపోతారు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరు రెండో వారంలోనే. తుపాను హెచ్చరిక వస్తే రైల్వే ముందే బళ్లు రద్దు చేస్తుంది లేదా దారి మళ్లిస్తుంది. అందుకే కిరాయి బండి వాళ్లకూ హోటళ్లకూ డబ్బంతా ముందే కట్టేయకండి, తేదీ మార్చుకునే వీలుందో అడిగి కొంచెమే ఇవ్వండి. అయినా అక్టోబరే మంచి నెల. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంటుంది. సంక్రాంతి సెలవులకైతే దారిలోని సేలా కనుమ దగ్గర మంచు, తెల్లవారుజామున రోడ్డు మీద గాజులా పేరుకున్న పొర. పెద్దవాళ్లతో ఆ రోజుల్లో వద్దు.

ఇక కొండదారి. గువాహటి నుంచి తేజ్‌పూర్ 180 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. తేజ్‌పూర్ నుంచి తవాంగ్ దాదాపు 320. మైదానం లెక్కలో ఇది ఒక్కరోజు పని, షేరింగ్ సుమోలు ఒక్క రోజులోనే లాగేస్తాయి కూడా. మీరు మాత్రం రెండు రోజులుగా విడగొట్టండి. కారణం ఎత్తు. తేజ్‌పూర్ దాదాపు సముద్రమట్టం దగ్గరే, తవాంగ్ పదివేల అడుగులు, మధ్యలో సేలా కనుమ 13,700 అడుగులు. పొద్దున మైదానంలో లేచిన మనిషి రాత్రికి పదివేల అడుగుల్లో పడుకుంటే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. అరవై దాటినవాళ్లకు, బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లకు అది అక్కడితో ఆగకపోవచ్చు.

రాత్రి ఎక్కడ ఆగాలి అంటే ఎక్కువమంది దిరాంగ్ అంటారు. నా సలహా: ఎక్కేటప్పుడు బొమ్‌డిలా, దిగేటప్పుడు దిరాంగ్. బొమ్‌డిలా ఎనిమిది వేల అడుగులు, దిరాంగ్ ఐదు వేలే. దిరాంగ్‌లో హాయిగా నిద్ర పడుతుంది గానీ మర్నాడు ఒక్కసారిగా ఐదు వేల అడుగులు పైన పడుకోవాలి. బొమ్‌డిలాలో ఒక రాత్రి గడిపితే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. మర్నాడు దూరం ఓ 40 కిలోమీటర్లు పెరుగుతుంది, అందుకని ఆరింటికల్లా కదలాలి. అక్టోబరులో అక్కడ సాయంత్రం ఐదు కొట్టేసరికి చీకటి పడిపోతుంది, మన వైపు గడియారం లెక్క పనికిరాదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే అసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఊళ్లోనే మీ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. తవాంగ్ చేరాక ఎవరికైనా తలనొప్పితో పాటు తూలడం, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి, అక్కడి నుంచి కిందికి.

2024 మార్చిలో సేలా సొరంగం తెరిచారు. రెండు సొరంగాల్లో పెద్దది 1,555 మీటర్లు. కనుమ మీద మంచు పడినా దారి తెరిచే ఉంచడానికి కట్టింది. అయితే అది కూడా పదమూడు వేల అడుగుల దగ్గరే ఉంది కాబట్టి సొరంగంలోంచి పోతున్నాం, ఎత్తు సమస్య లేదనుకోవద్దు. వెళ్లేటప్పుడు సొరంగంలోంచి పొండి, వచ్చేటప్పుడు ఒళ్లు అలవాటై ఉంటుంది, అప్పుడు పైనుంచి వచ్చి సేలా సరస్సు చూడండి. ఈ మాట డ్రైవరుతో ముందే అనుకోవాలి. పొగమంచుకు పేరుపడ్డ నెచిఫు దగ్గర కూడా 2023లో 500 మీటర్ల సొరంగం వచ్చింది, బొమ్‌డిలా దారి అందువల్ల చాలా తేలికైంది.

నలుగురికి బండి మాట్లాడుకునేటప్పుడు ఇన్నోవా లాంటిది చాలు. కిరాయి కన్నా ముందు తేల్చుకోవాల్సినవి: డీజిలు ఎవరిది, డ్రైవరు రాత్రి బస, భోజనం ఎవరివి, దారి మూసుకుపోయి ఒక రోజు ఆగాల్సి వస్తే ఆ రోజుకు ఎంత. చివరిది మాట్లాడుకోకపోతే గొడవ అక్కడే వస్తుంది. అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవరు ఆ దారిలో తరచూ తిరిగేవాడా అని అడగండి, గువాహటి ఊళ్లో నడిపేవాణ్ణి పంపితే ఒప్పుకోకండి. మీ రైలు పొద్దున్నే చేరితే ఆ రోజు తేజ్‌పూర్ వెళ్లి పడుకోండి. సాయంత్రం చేరితే గువాహటిలోనే ఆగి, మర్నాడు ఆరింటికి బయల్దేరి ఓరంగ్, కలక్తాంగ్, రూపా మీదుగా పోతే తేజ్‌పూర్ రాత్రి లేకుండానే సాయంత్రానికి బొమ్‌డిలా అందుకోవచ్చు. మధ్యాహ్నం దాటాక మాత్రం కొండెక్కడం మొదలుపెట్టొద్దు.

ఖర్చు చూసుకుని సుమోయే అనుకుంటే, ముందురోజు కౌంటర్‌కు వెళ్లి సీట్లు రాయించుకోవాలి, తెల్లవారుజామున బయల్దేరతాయి. డ్రైవరు పక్కన ఇద్దరు, మధ్య నలుగురు, వెనక నలుగురు. అమ్మానాన్నలకు ముందు రెండు సీట్లు, మీ ఇద్దరికీ మధ్య వరసలో మూడు సీట్లు కొనుక్కోండి. వెనక వరస మలుపుల్లో వాంతులు తెప్పిస్తుంది. సామాను పైన కడతారు కాబట్టి మందులు, కాగితాలు, స్వెట్టర్లు చేతిసంచిలో ఉండాలి. సుమో మీరు అడిగిన చోట ఆగదు, బాత్రూముకైనా సరే. పెద్దవాళ్లకు బండి అనడానికి నాకున్న పెద్ద కారణం అదే.

పర్మిట్ లేకుండా అరుణాచల్ గేటు దాటనివ్వరు. దాన్ని ఇన్నర్ లైన్ పర్మిట్ అంటారు, 1873 నాటి చట్టం కింద ఇప్పటికీ నడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి తీసుకోవచ్చు. వెళ్లే చోట్లు అడిగినప్పుడు తవాంగ్‌తో పాటు వెస్ట్ కామెంగ్ కూడా రాయండి, బొమ్‌డిలా, దిరాంగ్ ఆ జిల్లాలోవే. మన వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది పేరు గురించి. ఒడిశాలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, స్కూలు సర్టిఫికెట్లో ముందు ఉంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే ఉంటుంది. నలుగురికీ ఒకే రకం కార్డు ఎంచుకుని, అందులో ఎలా ఉందో అలాగే పర్మిట్లోనూ రైలు టికెట్లోనూ విమానం టికెట్లోనూ రాయండి. తలా నాలుగైదు జిరాక్సులు తీసి ఉంచుకోండి. భాలుక్‌పాంగ్ గేటు దగ్గర ఫోన్లో చూపిద్దామంటే సిగ్నల్ ఉండకపోవచ్చు.

తవాంగ్ పైన చైనా సరిహద్దులో ఉన్న బుమ్‌లా కనుమకు ఈ పర్మిట్ చాలదు. తవాంగ్‌లో ముందురోజే వేరే అనుమతి తీసుకోవాలి, హోటలు వాళ్లో అక్కడి డ్రైవరో తెచ్చిపెడతారు. మీ గువాహటి బండి పనికిరాదు, తవాంగ్ బండే కట్టుకోవాలి. మీ కిరాయి లెక్కలో దీన్ని విడిగా వేసుకోండి. ఎత్తు 15,200 అడుగులు, అమ్మానాన్నలను తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తాను. వాళ్లు ఆ పూట తవాంగ్ మఠం తీరిగ్గా చూస్తారు. ఇంకో మాట, బుమ్‌లాకు పెట్టుకున్న రోజే మీ ఖాళీ రోజు అనుకోండి. రైలు ఆలస్యమైనా, దారిలో ఎక్కడైనా ఒక పూట ఆగిపోయినా, తీసేయాల్సింది ఆ రోజునే, బొమ్‌డిలా రాత్రిని కాదు.

తిరుగు ప్రయాణంలో దిరాంగ్ నుంచి పొద్దున్నే దిగి గువాహటి చేరి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. అదే రాత్రి రైలుకు గానీ విమానానికి గానీ టికెట్ తీయకండి, ఒక్క లారీ అడ్డంగా నిలిచినా నాలుగు గంటలు పోతాయి. మర్నాడు మధ్యాహ్నం భువనేశ్వర్ విమానం చూసుకోండి, నేరుగా లేకపోతే కోల్‌కతా మీదుగా. అది సాయంత్రంలోపు దిగేదైతే రాత్రికి రైల్లో బరంపురం వచ్చేస్తారు.