పాట వినిపిస్తోంది, బొమ్మే రావడం లేదు!

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తికి పాత ఫొటోలతో వీడియో చేస్తున్నాను. అన్నీ 4×6 ప్రింట్లే. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి పీఎన్‌జీ ఫొటో ఫైళ్లుగా దాచాను. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో ఫొటోనీ ఫుల్ హెచ్‌డీ వీడియో ముక్కగా మార్చాను. ఎడిటింగ్‌లో జూమ్ చేస్తే మొహాలు అలుక్కుపోతున్నాయి. ముక్కలన్నీ కలిపి, పాట జోడించి, పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే పాట వస్తోంది గానీ బొమ్మ రావడం లేదు. కంప్యూటర్లో మాత్రం బాగానే ఉంది.
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ముందు టీవీ సంగతి తేల్చేద్దామమ్మా. పెన్‌డ్రైవ్ మార్చక్కర్లేదు. పీఎన్‌జీలో ప్రతి పిక్సెల్‌కీ సొంత రంగు ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాన్ని అలాగే ఉంచి 4:4:4 రకం హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి) ఫైలు చేస్తుంది. కంప్యూటర్లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌కి అది ఇబ్బంది కాదు. టీవీలకేమో చాలావాటికి 4:2:0యే తెలుసు, అంటే నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు. పాట వేరే ట్రాక్ కాబట్టి వినిపించింది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పిక్సెల్ ఫార్మాట్ దగ్గర ‘వైయూవీ420పీ’ (ఆ 4:2:0 రకమే) అని ఇవ్వండి, బొమ్మ వస్తుంది.

ఇక జూమ్. మీ స్కాన్ ఒక్కోటీ 3600×2400 పిక్సెళ్లు. దాన్ని ముందే 1920×1080 వీడియోగా మార్చేశాక మిగతా వివరమంతా పోయినట్టే, తర్వాత ఎంత జూమ్ చేసినా తిరిగి రాదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫొటోనే నేరుగా తీసుకుంటుంది కదా, అలాగే టైమ్‌లైన్లో పెట్టండి. వీడియోగా మార్చడం చివర్లో ఒక్కసారి చాలు.

అన్నట్టు, ప్రతి ఫొటోకీ జూమ్ కొట్టడం నాకు గిట్టదు. మా స్టూడియో కుర్రాళ్లతో రోజూ ఇదే గొడవ. నలుగురున్న ఫొటో ఆరేడు సెకన్లు కదలకుండా ఉంటేనే కదా, ముందు వరసలో పెద్దావిడ ‘ఇది మన చిన్నత్త కాదూ’ అని గుర్తుపట్టేది!

కదలిక కావాల్సింది నిలువు ఫొటోలకి. విజయనగరం పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను ఫొటో ఒకటైనా మీ ఆల్బమ్‌లో ఉండే ఉంటుంది, మన జిల్లాలో లేని ఇల్లేది? దాదాపు 60 అడుగుల మాను, రెండు పక్కలా నల్లపట్టీలేసి ఇరికించకండి. ఫొటో వెడల్పు తెర నిండా పరిచి, కింద జనం దగ్గర మొదలెట్టి, మాను కొసన కూర్చున్న పూజారి దాకా మెల్లగా పైకి తీసుకెళ్లండి. పది సెకన్లైనా ఇవ్వాలి. మూడు సెకన్లలో లాగేస్తే, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో బొమ్మ కుదుపులు కుదుపులుగా కనిపిస్తుంది. పైకి చేరాక రెండు సెకన్లు ఆపండి.

ఫంక్షన్ ముందురోజే ఆ హాలు టీవీలో ఒకసారి వేసి చూసుకోండి, మీ ఇంటి టీవీలో ఆడిందని ఊరుకోవద్దు.