వైఫై కోసం కొత్త ల్యాప్‌టాప్, అదీ అప్పు మీదా?

ప్రశ్న: ఇంటి నుంచే డిజైన్ పని చేస్తాను. రాబడి ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. సగటు ఆదాయంలో 70 శాతం ఖర్చులకే పోతుంది. నేను కూర్చునే లోపలి గదిలో వైఫై నిలవదు, వీడియో కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయి. ప్లాన్ 100 ఎంబీపీఎస్. రూటర్ వైఫై 5, డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఇస్తుంది). ల్యాప్‌టాప్ ఆరేళ్ల నాటిది, ఏఎండీ ప్రాసెసర్. సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ అనీ లింక్ స్పీడ్ (రూటర్‌తో కనెక్షన్ వేగం) 72 ఎంబీపీఎస్ అనీ చూపిస్తోంది. ఫోన్ మాత్రం అదే బల్ల మీద 5 గిగాహెర్ట్జ్‌లో బాగానే పని చేస్తోంది. వైఫై 7 కార్డున్న కొత్త ల్యాప్‌టాప్, ఇల్లంతా వైఫై అందించే మూడు యూనిట్ల మెష్ సెట్ తీసుకోమన్నారు. రెండూ కలిపి నెలన్నర ఆదాయమంత అవుతాయి. ల్యాప్‌టాప్ 12 నెలల ఈఎంఐ మీద, మెష్ యాప్ లోన్‌తో కొందామనుకుంటున్నాను. చేతిలో ఉన్నది ఇరవై రోజుల ఖర్చుకు వస్తుంది. ఏ వైర్‌లెస్ కార్డున్న మోడల్ మంచిది?

జవాబు: మోడల్ సంగతి తర్వాత. ఇరవై రోజుల ఖర్చు మాత్రమే చేతిలో ఉన్న మనిషి పన్నెండు నెలల వాయిదాకు సంతకం పెట్టబోతున్నారు. పైగా రాబడి స్థిరం కాదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. నెట్ తెగితే పని పోతుందన్న భయంతో అప్పు చేస్తారు. తీరా పని తగ్గిన నెలలో నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది, వాయిదా కట్టడానికి డబ్బు ఉండదు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

అసలు మీకు కొత్త ల్యాప్‌టాప్ గానీ మెష్ గానీ అవసరమని మీరు రాసిన వివరాల్లో ఎక్కడా లేదు. అదే బల్ల మీద ఫోన్‌కు 5 గిగాహెర్ట్జ్ బాగా అందుతోందంటే సిగ్నల్ ఆ గది దాకా వస్తోంది. దాన్ని పట్టుకోలేకపోతున్నది ల్యాప్‌టాప్. 72 అన్న అంకె కూడా అదే చెబుతోంది. ఒకే యాంటెన్నాతో, 20 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పులో వైఫై 4 (మీ రూటర్ కంటే ఒక తరం పాతది) ఇవ్వగలిగే గరిష్ఠ లింక్ స్పీడ్ అది. అందులో చేతికి వచ్చేది సగం కాస్త అటూ ఇటూ. హెచ్‌డీ వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ చాలు కదా, మరి ఎందుకు తెగుతోందంటే, 2.4 బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తాకని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే తోసుకుంటాయి. డేటా ముక్కలు (ప్యాకెట్లు) దారిలో పోయి మళ్లీ మళ్లీ పంపాల్సి రావడంతో కాల్ ఆగిపోతుంది.

డబ్బు ఖర్చు పెట్టకుండా ముందు రెండు పనులు చేయండి. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4కు, 5కు వేర్వేరు పేర్లు పెట్టి, 5 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను ఆటో నుంచి 36కు మార్చండి. రూటర్ తనంతట తాను 100, 104 లాంటి ఛానెళ్లకు వెళితే ల్యాప్‌టాప్‌లలోని కొన్ని పాత వైఫై కార్డులకు ఆ నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు. 36లో పెట్టాక ల్యాప్‌టాప్‌లో 5 పేరు కనిపిస్తే కనెక్ట్ అవ్వండి, కథ అక్కడితో అయిపోతుంది. అప్పటికీ కనిపించకపోతే విండోస్ డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ (అంటే కార్డు) పేరు చూడండి. 802.11 తర్వాత బీ, జీ, ఎన్ అక్షరాలే ఉంటే అది సాధారణంగా 2.4కే పరిమితమైన కార్డు. ఏ గానీ ఏసీ గానీ ఉంటే 5 కూడా రావాలి. అప్పుడు తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ మళ్లీ వేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ 5కు మార్చి చూడండి.

కార్డే అసలు దోషి అని తేలితే మార్చాల్సింది కార్డునే. మీది ఏఎండీ ప్రాసెసర్ కాబట్టి ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు సీఎన్‌వీఐ రకం, అంటే వాటి పనిలో కొంత ఇంటెల్ చిప్పే చేయాలి; వాటికి తగిన ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లలో తప్ప పనిచేయవు. స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, కంప్యూటర్ మాత్రం గుర్తించదు. మీకు కావలసింది సొంతంగా పనిచేసే మామూలు పీసీఐఈ రకం: ఏఎక్స్200 లేదా ఏఎక్స్210. రెండోదానికి 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంది. కానీ మీ రూటర్‌లో ఆ బ్యాండ్ లేదు, విండోస్ అయితే 11 ఉంటే తప్ప అది పనిచేయదు కూడా. దానికోసం ఎక్కువ పెట్టకండి. ఇక వైఫై 7 కార్డు వైఫై 5 రూటర్‌తో మాట్లాడేది వైఫై 5 భాషే. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ దాటదు.

కొనే ముందు అడుగు మూత విప్పి మూడు సంగతులు చూడండి. కార్డు మదర్‌బోర్డుకు అతికించి ఉందా, స్క్రూతో విడిగా ఉందా? విడిగా ఉంటే ఎం.2 2230 సైజేనా (22 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. పొడవు)? దానికి వచ్చే యాంటెన్నా తీగలు ఎన్ని? మూడోదాన్ని దాదాపు ఎవరూ చూడరు. ఒకే యాంటెన్నా కార్డుతో అమ్మిన చౌక మోడళ్లలో లోపల తీగ కూడా ఒకటే ఉండొచ్చు. రెండు యాంటెన్నాల కార్డు పెట్టినా అది ఒంటి తీగతోనే నడుస్తుంది. అప్పుడు మీ వైఫై 5 రూటర్‌తో లింక్ స్పీడ్ 433, రెండు తీగలుంటే 866. ప్లాన్ 100 కాబట్టి 433 చాలు. కొన్ని కంపెనీల పాత ల్యాప్‌టాప్‌లు బయాస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) నమోదైన కార్డులు కాకుండా వేరేది పెడితే బూట్ కావు. మీ మోడల్ పేరుతో ఆ సంగతి ముందే వెతికి చూసుకోండి.

పెట్టడం కష్టం కాదు. కొత్త కార్డు డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత నెట్ ఉండదు. ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాకే కార్డు ముట్టుకోండి. తీగల చివరి బొడిపెలను పక్కకు లాగితే విరుగుతాయి, నిటారుగా పైకి తీయాలి. ఒక్క స్క్రూ విప్పగానే కార్డు కాస్త పైకి లేస్తుంది, అదే వాలులో బయటికి లాగండి. కొత్తది పెట్టాక బొడిపెలు సరిగ్గా మధ్యకు వచ్చాయని చూసుకుని నొక్కితే టిక్కుమంటాయి. తీగ ఒకటే అయితే మెయిన్ అని రాసిన వైపు పెట్టాలి. సగం కూర్చున్న బొడిపెతో సిగ్నల్ పాత కార్డు కంటే అధ్వాన్నంగా వస్తుంది. చాలామంది అప్పుడు కార్డును తిడతారు.

కార్డు అతికించి ఉన్నా, విప్పే ధైర్యం లేకపోయినా బయటి యాంటెన్నా ఉన్న డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ అడాప్టర్ (యూఎస్‌బీ పోర్టుకు పెట్టుకునే బయటి వైఫై కార్డు) తీసుకోండి. మీ పరిస్థితికి నా ఓటు నిజానికి దీనికే, రేపు ల్యాప్‌టాప్ మార్చినా వెంట వస్తుంది. మీ ప్లాన్‌కు యూఎస్‌బీ 2 పోర్టు సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చకుండా, అర మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీద నిలబెట్టండి.

ఇప్పుడు డబ్బు సంగతి. నెలన్నర ఆదాయమంటే మీ లెక్కన రెండు నెలలకు పైబడిన ఖర్చు. పన్నెండు నెలలు వాయిదా కట్టగలను అనుకుంటున్నారు కదా, ఆ మొత్తాన్నే ప్రతి నెలా ఒకటో తేదీన వేరే ఖాతాలోకి పంపండి. ఏడాది తిరిగేసరికి ఇప్పుడున్న ఇరవై రోజులతో కలిపి చేతిలో దాదాపు మూడు నెలల ఖర్చు ఉంటుంది. అక్కడ ఆగొద్దు. ఈ అత్యవసర నిధి జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చంత ఉండాలంటాను. రాబడి ఊగే మీలాంటి వాళ్లకు తొమ్మిది. వాయిదా కట్టలేని నెల వస్తుందేమోనని అనిపిస్తే, అది అప్పు వద్దనడానికి ఇంకో కారణం: పొదుపు ఒక నెల ఆపితే ఎవరూ ఫోన్ చేయరు.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలని తర్వాతి ఉత్తరంలో అడగకండి. అడిగిన రోజే చేతికి వచ్చే చోట, రోజువారీ కార్డుకు ముడిపడని ఖాతాలో. ఫండ్లు, షేర్లు ఈ నిధి నిండాక. ఆరోగ్య బీమా లేకపోతే అది మాత్రం ఇప్పుడే.

వడ్డీ లెక్క కూడా చూడండి. 12 శాతం ఫ్లాట్ అని చెప్పే పన్నెండు నెలల వాయిదాలో అసలు తగ్గుతున్నా వడ్డీని మొదట తీసుకున్న అప్పంతటి మీదా లెక్కిస్తారు. నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. యాప్ లోన్ మాట మళ్లీ ఎత్తకండి. నెలకు 3 శాతమే అంటే ఏడాదికి చక్రవడ్డీతో 42 శాతం పైచిలుకు. వందకు ఐదు ఫీజు ముందే కోసుకుని 95 చేతిలో పెడితే, ఆ ఒక్క నెలకే వడ్డీ కాకుండా ఇంకో 5.26 శాతం. ఓ రూటర్ కోసమా ఇదంతా?

ల్యాప్‌టాప్‌కు ఆరేళ్లు నిండాయి కాబట్టి అది ఏదో ఒక రోజు ఆగుతుంది, నిజమే. ఆ ఖర్చు ముందే తెలిసినది కాబట్టి అత్యవసర నిధిలోంచి తీయకూడదు. నిధి మూడు నెలలకు చేరాక, కొత్తదాని ధరను 24తో భాగించి ఆ మొత్తం నెలనెలా విడిగా పక్కన పెట్టండి. నెట్ పూర్తిగా పోయే రోజుకు ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. కాల్స్‌కు అది సరిపోతుంది.

మెష్ గురించి ఒక్క మాట. కార్డో అడాప్టరో మార్చాక గదిలో ఫోన్‌తో సిగ్నల్ బలం కొలవండి. మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం, సున్నాకు దగ్గరైన కొద్దీ మంచిది) గానీ అంతకంటే మెరుగ్గా గానీ ఉంటే కాల్స్ నిలుస్తాయి. మైనస్ 75 దగ్గర ఉంటే రూటర్‌ను టీవీ వెనక నుంచి, ఇనుప అలమర పక్క నుంచి తీసి తల ఎత్తున పెట్టి, యాంటెన్నాలు నిటారుగా ఉంచి మళ్లీ కొలవండి. అప్పటికీ చాలకపోతే రూటర్ నుంచి ఆ బల్ల దాకా క్యాట్ 5ఈ నెట్‌వర్క్ కేబుల్ లాగండి, వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. దాని ఖర్చు మూడు యూనిట్ల మెష్ సెట్ దరిదాపుల్లో కూడా ఉండదు.