దొర పావురాలు

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నీ కథ అందింది. జనగామ పోతూ బస్సులో ఒకసారి, ఇంట్లో కూసోని ఒకసారి చదివిన. తెలంగాణ సాయుధ పోరాటం మీద రాస్తున్ననని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు సంతోషమైంది గని, లోపల కొంచెం భయమే ఉండె. భయపడ్డట్టే అయింది. మొదటి పేజీలోనే దొర మీసం తిప్పిండు, రెండో పేజీలో తుపాకి పేలింది, మూడో పేజీకి ఎర్రజెండా లేచింది. ఆ ఊరోళ్ళు పొద్దున ఏం తిని బయటికెళ్ళిండ్రో, ఎవరికెంత బాకీ ఉన్నరో నాకు తెల్వనే లేదు.

మనసు చిన్నబుచ్చుకోకు. నీ వయసులో నేను ఇంతకన్నా అన్యాయమైన కథ రాసిన. కడవెండిలో ఆ పోరాటపు మొదటి అమరుడు దొడ్డి కొమరయ్య తూటా తగిలి పడిపోయింది 1946 జూలై 4న. సభల్లో వినీ వినీ ఆ తారీఖు నాకు నోటికొచ్చు. నా కథలో ఊరేగింపు పోతుంటే రెండు దిక్కులా పండిన వరి, కోతకొచ్చిన ఆడోళ్ళు కొడవళ్ళు పైకెత్తుడు, అబ్బో! ఒక మీటింగులో చదివి వినిపిస్తే చప్పట్లు కూడా పడ్డయి. అందరూ లేచినంక దేవరుప్పుల దిక్కు ముసలాయన ఒకాయన దగ్గరికొచ్చి, "సారూ, జూలైల వరికోతలేంది? మేమప్పుడు నారు పోస్తం గద" అన్నడు. నవ్వలేదు. నవ్వినా బాగుండు.

తారీఖు తెలిసి, ఆ నెల తెల్వకపోవుడు నా చదువు చేసిన పని. కాలేజీలో సారు నోట్సు చెప్పేది, మేం రాసుకునేది. ఫ్రెంచి విప్లవానికి కారణాలు: రాజకీయ, ఆర్థిక, సాంఘిక. ఒక్కోదానికి నాలుగు మార్కులు. డిగ్రీ అయినంక ఇరవై ఏండ్లు చరిత్ర పుస్తకం ముట్టలేదు నేను. మళ్ళ ముట్టింది కాలు విరిగి మంచంల పడ్డ ఎండాకాలంలో. పొద్దు పోవాలె గదా అని మా తమ్ముడు చౌరస్తా ఫుట్‌పాత్ మీద ఓ సంచెడు పాత పుస్తకాలు కొనుక్కొచ్చిండు. అండ్ల అట్ట చినిగినదొకటి. పేరు లేదు, రాసినాయన పేరూ లేదు. తెరిస్తే మళ్ళ అదే ఫ్రెంచి విప్లవం. వేరే అన్నీ చదువుడు అయినంక, దిక్కులేక మొదలువెట్టిన.

కొన్ని పేజీలు పోయినంక పావురాలొచ్చినయి.

1789లో పెద్ద సభ కూడేముందు ఫ్రాన్సు రాజు, మీ కష్టాలు రాసి పంపుండ్రని ఊరూరికీ కబురు పెట్టిండు. ఊర్లోళ్ళు కూడి రాసిండ్రు. పన్నుల గురించి రాసిండ్రు, దొరల వేట తమ చేన్లు తొక్కుతున్నదని రాసిండ్రు, పావురాల గురించి రాసిండ్రు. అక్కడి దొర పెద్ద గూడు కట్టి పావురాలు పెంచుకునేటోడు. అవి పోయి రైతు చల్లిన విత్తనాలు ఏరుకొని తింటయి. రైతు వాటి మీద రాయి విసరరాదు. దొర పావురాలాయె! చదివి మంచంల కూసోని గట్టిగ నవ్విన. నవ్వుతుంటేనే మా నాయన కండ్ల ముందటికొచ్చిండు. జొన్నచేన్ల మంచె మీద నిలబడి వడిసెల తిప్పేది. ఆ చేతిని ఎవడన్నా పట్టుకొని ఆపితే ఎట్లుంటదో అనుకున్న. నాలుగు మార్కుల ఆర్థిక కారణం అప్పటికి నా ఒంటికి తాకింది.

ఆగస్టు 4 రాత్రి, రాజు కోట ఉన్న వేర్సాయిలో ఆ సభ దొరల హక్కులు రద్దు చేస్తమన్నది గదా, దాన్ని శాసనంగా రాసినప్పుడు రెండో అంశమే పావురాల గూళ్ళది. ఊరోళ్ళు చెప్పిన రోజుల్లో వాటిని మూసిపెట్టాలె, బయట కనిపిస్తే ఎవరి చేన్ల వాళ్ళు కొట్టుకోవచ్చు. ఇంకో సంగతి, ఉప్పు. ఆ రాజ్యంలో కొన్ని దిక్కుల ఎనిమిదేండ్లు దాటిన ప్రతి మనిషి పేరు మీద ఏటా ఇంత ఉప్పు కొనాల్సిందే, అక్కర ఉన్నా లేకున్నా. కూలి లేకుండ రోడ్లు వేయించుకునేదాన్ని వాళ్ళు 'కోర్వే' అనేది. ఆ మాట కాడ పుస్తకం పక్కన పెట్టి, ఒక్కన్నే ఉండి 'వెట్టి' అని పైకే అన్న.

ఆ ఏడు జూలైలో ఫ్రాన్సు రైతులు గడీల మీదికి పోయి చాలాచోట్ల ముందు అడిగింది కాగితాలు. ఎవడెంత కట్టాలో రాసిన దస్తావేజులు తెచ్చి కాలబెట్టిండ్రు. మన దిక్కు ఆంధ్ర మహాసభ సంఘపోళ్ళు కూడా బాకీ కాగితాలు కాలబెట్టిండ్రు. పోలిక దొరికింది గదా అని ఉరికి అతికించకు మళ్ళ. అక్టోబర్ వానలో పారిస్ నుంచి వేర్సాయి దాకా నడిచిన ఆడోళ్ళు వేరు, విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట మీదికొస్తే నిలబడ్డ పాలకుర్తి అయిలమ్మ వేరు. ఆమె పంట ఎవరి బండ్ల మీద ఇల్లు చేరింది, తొవ్వల ఎవరెవరు తోడున్నరు, అది అడుగు.

ఇగ నీ దొర సంగతి. పారిస్‌ల రాజు జైలైన బాస్టీలు కోట జనం చేతుల పడ్డ రోజు ఫ్రాన్సు రాజు డైరీలో 'ఏం లేదు' అని రాసుకున్నడని అందరూ నవ్వుతరు, నేనూ నవ్విన. తర్వాత తెలిసింది, అది ఎక్కువగా వేట లెక్కలు రాసుకునే పుస్తకం. ఆనాడు వేట లేదు, అందుకని ఏం లేదు. మొద్దుతనం కన్నా అదే నాకు భయమనిపించింది. నీ దొర మీసం తీసెయ్. ఓ లెక్కల పుస్తకం చేతికియ్యి. ఏ ఇంటికెళ్ళి ఎన్ని కోళ్ళు రావాలెనో చూసుకుంట, మామూలుగా, కోపం లేకుండ కూసోనియ్యి.

మీ నాయనమ్మ ఆ రోజుల గురించి అడిగితే ఏం చెప్పదని రాసినవు. పోరాటం అని, వెట్టి అని అడిగితే ఎట్ల చెప్తది? అవి మన మాటలాయె. పండుగకు మీ ఇంట్ల కోడి ఎవరు తినేది అవ్వా అని అడుగు. అడిగి ఊకో.

కథ వాపస్ పంపుతున్న. పెన్సిల్ గీతలు నావి, మూడో పేజీ మీద చాయ మరక కూడా నాదే.

మీ మామ