గోధుమ మానేసే ముందు రక్తపరీక్ష చేయించుకోండి

అమెరికా వచ్చిన తొలి ఏడాదిలో పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేవాటిలో వీసా, డ్రైవింగ్ లైసెన్స్ తర్వాత స్థానం కడుపుదే. ‘అక్కా, తిన్నది ఒంటికి పట్టట్లేదు. ప్యాంట్లన్నీ వదులైపోయాయి. తిన్న కాసేపటికే కడుపుబ్బరం, పొద్దున లేస్తే బాత్రూం వదలడం లేదు.’ అవతల వీడియో కాల్లో అమ్మ ‘ఏంట్రా ఇలా చిక్కిపోయావ్’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. రూమ్మేట్లేమో ‘నీళ్ళు మారాయి, సర్దుకుంటుందిలే’ అంటారు.

చాలామందికి నిజంగానే సర్దుకుంటుంది. వేళకి తినకపోవడం, ఉద్యోగం దొరకలేదన్న టెన్షన్, ఇంటి మీద బెంగ, ఇవన్నీ మనిషిని చిక్కిస్తాయి. కానీ మీరేమీ ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం పోయిందంటే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు, ఇక్కడి తూకంలో దాదాపు 8 పౌండ్లు. దానికి తోడు వారాల తరబడి విరేచనాలు, నీరసం, తగ్గి మళ్ళీ వచ్చే నోటిపూత, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని హిమోగ్లోబిన్ ఉంటే సెమిస్టర్ అయ్యేదాకా ఆగకుండా వెళ్ళి చూపించుకోండి. మలం సంగతి చెప్పడానికి మొహమాటపడకండి. జిడ్డుగా, దుర్వాసనతో, ఫ్లష్ చేసినా తేలుతూ ఉంటోందంటే, తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి పోతోందని డాక్టర్‌కి ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది.

ఇలాంటి లక్షణాల వెనక ఉండే జబ్బుల్లో ఒకటి సీలియాక్. మా అమ్మాయికి ఉంది కాబట్టి దీని గురించి నాలుగు ముక్కలు చెప్పగలను. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్ళు అది తింటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. స్కూల్లో బయాలజీలో చదువుకున్నాం కదా, పేగు లోపలి గోడకి ఆంత్ర చూషకాలు ఉంటాయని, పోషకాలని పీల్చుకునేవి అవేనని. అవి అరిగి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా పీల్చుకునేది ఉండదు. ఐరన్, కాల్షియం, విటమిన్ డి, ఫోలిక్ యాసిడ్ అన్నీ పడిపోతాయి. కొందరికి విరేచనాలే ఉండవు, రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది. వాళ్ళకి జబ్బు బయటపడడానికి ఏళ్ళు పడుతుంది.

‘అది తెల్లవాళ్ళ జబ్బక్కా, మనకెందుకొస్తుంది?’ అని చాలామంది అంటారు. 2016లో వచ్చిన ఒక భారతీయ పరిశోధన దీనికి మంచి జవాబు. ఉత్తరాదిలో, ఈశాన్యంలో, దక్షిణాదిలో పెద్దవాళ్ళని పరీక్షించి చూస్తే రక్తంలో సీలియాక్‌ని పట్టించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికి ఉన్నాయి. ఈ జబ్బుకి కారణమయ్యే జన్యువులు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు సమానంగా మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. పెద్ద తేడా కంచంలో ఉంది. రోజుకి ఒక్కొక్కరు తినే గోధుమ ఉత్తరాదిలో 455 గ్రాములైతే దక్షిణాదిలో 25 గ్రాములే.

ఇప్పుడు ఇక్కడికొచ్చిన కుర్రాడి రోజు చూడండి. పొద్దున బ్రెడ్డో బేగెలో, మధ్యాహ్నం శాండ్‌విచ్, సాయంత్రం క్లబ్ మీటింగ్‌లో ఫ్రీ పిజ్జా, రాత్రి ఫ్రీజర్లోంచి తీసిన పరోటా. ఊళ్ళో మూడు పూటలా అన్నం తిన్న మనిషి నెల తిరిగేసరికి గోధుమ మీద బతుకుతున్నాడు. బ్రెడ్ తిన్న ప్రతివాళ్ళకీ సీలియాక్ వస్తుందని కాదు. ఆ జన్యువులు ఉన్నవాళ్ళలో కూడా నూటికి తొంభైమందికి పైగా జీవితంలో ఎప్పుడూ రాదు. మనకి రానే రాదని కొట్టిపారేయకండి, అంతే.

అనుమానం వచ్చిందని మర్నాటి నుంచే గోధుమ మానేయకండి. ఈ వ్యాసంలో మీరు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. రక్తంలో టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీలు ఉన్నాయేమో చూస్తారు. గ్లూటెన్ తింటుంటేనే అవి ఉంటాయి. మానేస్తే నెమ్మదిగా తగ్గిపోతాయి, జబ్బున్నా పరీక్షలో నార్మల్ అని వస్తుంది. డాలస్‌లో ఒక అబ్బాయికి అచ్చం ఇలాగే అయింది. జిమ్‌లో ఎవరో చెప్పారని గ్లూటెన్ మానేశాడు, కడుపు తేలికపడింది, ఆ తర్వాత పరీక్షకి వెళ్ళాడు. ఏమీ తేలలేదు. చివరికి డాక్టర్ మళ్ళీ రోజూ బ్రెడ్ తినమంది. ఇలా పరీక్ష కోసం తిరిగి తినాల్సొస్తే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు తినమంటారు. పాపం ఆ కుర్రాడు ఫైనల్ పరీక్షలు రాస్తూ, ఒక చేత్తో కడుపు పట్టుకుని తిన్నాడు.

టీటీజీతో పాటు ఒంట్లో మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) ఎంతుందో కూడా చూడమని అడగండి. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువ, వాళ్ళకి మొదటి పరీక్ష తప్పుగా నార్మల్ అని చూపిస్తుంది. పాజిటివ్ వస్తే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపుతారు, ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అది అయ్యేదాకా కూడా గోధుమ తింటూనే ఉండాలి. ఇక ఇళ్ళకి కిట్లు పంపి అమ్మే ‘ఫుడ్ సెన్సిటివిటీ’ పరీక్షల మీద డబ్బులు తగలేయకండి, వాటితో సీలియాక్ తేలదు.

బరువు తగ్గడానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ వచ్చినా తగ్గుతారు. పాలు పడకపోతే ఉబ్బరం, విరేచనాలు వస్తాయి, మనవాళ్ళలో చాలామందికి పాలు పడవు. జియార్డియా లాంటి పరాన్నజీవి ఇండియా ట్రిప్‌లో అంటుకుని ఉండొచ్చు. పేగుల్లో టీబీ ఉన్నా ఇలాగే చిక్కిపోతారు. ఇక్కడి డాక్టర్లు టీబీ కేసులు చూసేది తక్కువ, అందుకని ‘నేను ఇండియా నుంచి వచ్చి ఇంత కాలమైంది, మా ఇంట్లో ఫలానావాళ్ళకి టీబీ ఉండేది’ అని మీరే ముందుగా చెప్పండి. జ్వరం, రాత్రిపూట చెమటలు, మలంలో రక్తం, మింగడానికి ఇబ్బంది ఉంటే అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగొద్దు.

డబ్బు సంగతికొద్దాం. స్టూడెంట్లయితే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌తో మొదలుపెట్టండి, రక్తపరీక్ష అక్కడే రాసిస్తారు. ఎండోస్కోపీకి మాత్రం బిల్లు ఒక్కటి రాదు. సెంటర్‌ది ఒకటి, డాక్టర్‌ది ఒకటి, మత్తు ఇచ్చినవాళ్ళది ఒకటి, ల్యాబ్‌ది ఇంకొకటి. సెంటర్ మీ నెట్‌వర్క్‌లో (అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళలో) ఉండి, మత్తు డాక్టర్ నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ తేడా మీ నెత్తిన రుద్దకూడదని 2022 జనవరి నుంచి చట్టం ఉంది, పేరు నో సర్‌ప్రైజెస్ యాక్ట్. అలాంటి బిల్లు వస్తే కట్టేయకుండా ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేయండి. ముందే ఉన్న జబ్బని కవరేజీ ఎగ్గొట్టడం కూడా 2014 నుంచి కుదరదు. అయితే చవగ్గా వస్తుందని కొందరు కొనే ట్రావెల్ ఇన్సూరెన్స్ లాంటి ప్లాన్లకి ఈ రక్షణలేవీ వర్తించవు, కొనేముందే చూసుకోండి. ఇంకో విషయం, మత్తు ఇస్తారు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళడానికి తెలిసిన మనిషి ఉండాలి. ఊబర్‌లో ఒక్కణ్ణే పోతానంటే చాలాచోట్ల ఒప్పుకోరు, అక్కడికక్కడే క్యాన్సిల్ చేస్తారు. రూమ్మేట్‌ని ముందే బతిమాలుకోండి.

సీలియాక్ అని తేలితే మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. వినగానే గుండె జారుతుంది గానీ, ఈ దేశంలో ఈ జబ్బొచ్చిన తెల్లవాళ్ళతో పోలిస్తే మన పని చాలా నయం. అన్నం, పప్పు, పెరుగు, ఇడ్లీ, మినప దోసె, పెసరట్టు, గారెలు, జొన్నరొట్టె, రాగిసంకటి, సర్వపిండి, వీటిలో గోధుమ అన్న ప్రసక్తే లేదు. సంక్రాంతి పిండివంటల్లో అరిసెలు, సకినాలు, సున్నుండలు నిశ్చింతగా తినొచ్చు. బొబ్బట్లు వద్దు, పూర్ణం బూరెలు ముద్దు. పోయేవి చపాతీ, పూరీ, సేమ్యా, కాజాలు, బొంబాయి రవ్వతో చేసే ఉప్మా, కేసరి, రవ్వ దోసె. ఉప్మా లేకపోతే బతకలేననేవాళ్ళు బియ్యపు రవ్వతో ఉప్పుడు పిండి చేసుకోండి, నన్నడిగితే అదే రుచి. ఇండియన్ స్టోర్‌లో ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ ప్యాకెట్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది బియ్యం, రెండోది గోధుమ. తొందరలో ఒకటి తీయబోయి ఇంకొకటి తీస్తారు, జాగ్రత్త.

మనవాళ్ళ కొంప ముంచేది ఇంగువ. అసలు ఇంగువ ఒక మొక్క బంక, దానిలో గ్లూటెన్ లేదు. కానీ అది చాలా ఘాటు కాబట్టి బజార్లో అమ్మేదాంట్లో పిండి కలుపుతారు, చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమే. డబ్బా వెనక్కి తిప్పి చూస్తే ‘వీట్ ఫ్లోర్’ అని ఉంటుంది. ముద్ద ఇంగువ అయితే స్వచ్ఛమేననుకోకండి, దానిలోనూ కలుపుతారు. పప్పులో పోపు, పులిహోర, చారు, అప్పడాలు, ఇంగువ వేసిన ఆవకాయ, అన్నిట్లోనూ చిటికెడు చొప్పున రోజూ లోపలికి పోతుంది. చపాతీ మానేసి నెలలైనా యాంటీబాడీలు దిగిరావట్లేదంటే ముందు పోపుల డబ్బా వెతకండి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసి దొరుకుతోంది, కాస్త ఖరీదెక్కువ, కొనండి.

రెండో దొంగ మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ. హార్లిక్స్, చాలా రకాల కార్న్‌ఫ్లేక్స్, బీరు దీని కిందికొస్తాయి. అమెరికా లేబుళ్ళ మీద అలర్జీ జాబితాలో గోధుమని తప్పనిసరిగా రాయాలి, బార్లీని రాయక్కర్లేదు. కాబట్టి ‘కంటెయిన్స్’ అన్న ఒక్క లైను చూసి వదిలేయకుండా పదార్థాలన్నీ చదవాలి. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉంటే పది లక్షల భాగాల్లో 20 కంటే తక్కువే ఉండాలని ఇక్కడ ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో నియమం పెట్టింది, దాన్ని నమ్మొచ్చు. జొన్నపిండి, రాగిపిండి, శనగపిండి కూడా ఆ ముద్ర ఉన్నవే తీసుకోండి, గోధుమ పట్టిన మిల్లులోనే వీటినీ పట్టే అవకాశం ఉంది.

నలుగురు కలిసి ఉండే ఇంట్లో అసలు పేచీ చపాతీ పీట దగ్గర. చపాతీ కర్ర, పీట చెక్కవి కాబట్టి పిండి వాటిలో ఇంకిపోతుంది, మీవి విడిగా పెట్టుకోండి. దోసె పెనం విడిగా. టోస్టర్ విడిగా. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. బయట తినేటప్పుడు దోసె పిండిలో మైదా కలిపారా, గారెలు పూరీలు వేయించిన నూనెలోనే వేస్తున్నారా అని అడగండి. గోబీ మంచూరియా జోలికి పోకండి, మైదా ఒకటి, గోధుమ కలిసే సోయా సాస్ ఒకటి. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. ‘కొంచెం తింటే ఏం కాదమ్మా’ అనే పెద్దమ్మ ప్రతి పార్టీలోనూ ఉంటుంది. ఆవిడకి గ్లూటెన్ సిద్ధాంతం వివరించొద్దు. ‘పేగులో పుండు పెద్దమ్మా, డాక్టర్ వద్దన్నారు’ అంటే ఆవిడే తీసుకెళ్ళి పెరుగన్నం పెడుతుంది.

మానేశాక కొన్ని వారాల్లోనే చాలామందికి కడుపు తేలికపడుతుంది, బరువు నెమ్మదిగా వస్తుంది. పేగు పూర్తిగా మానడానికి పెద్దవాళ్ళకి ఏడాది, రెండేళ్ళు కూడా పట్టొచ్చు. మొదట్లో పాలు పడకపోతే కంగారుపడకండి, పేగు బాగుపడేకొద్దీ చాలామందికి మళ్ళీ పడతాయి. డైటీషియన్‌ని ఒకసారి కలవండి, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ గురించి అడగండి. పిల్లలకి ఈ జబ్బుంటే స్కూల్లో 504 ప్లాన్ (జబ్బున్న పిల్లలకి బడి ఏ ఏర్పాట్లు చేయాలో రాసిపెట్టే కాగితం) రాయించండి, ప్రభుత్వ బడి అయితే క్యాంటీన్ వాళ్ళు గ్లూటెన్ లేని భోజనం ఏర్పాటు చేయాలి. ఇండియాకి టికెట్ కొన్నప్పుడు జీఎఫ్ఎంఎల్ అనే గ్లూటెన్ లేని స్పెషల్ మీల్ కనీసం రెండు రోజుల ముందు ఎయిర్‌లైన్స్‌కి చెప్పి పెట్టండి. అయినా అటుకుల డబ్బా సంచీలో ఉండనివ్వండి, ఆ మీల్ పెట్టడం మర్చిపోతుంటారు.

మీకు తేలిందంటే అమ్మానాన్నలకీ, తోడబుట్టినవాళ్ళకీ ఏ లక్షణాలూ లేకపోయినా పరీక్ష చేయించాలి, రక్తసంబంధీకుల్లో పదిమందిలో ఒకరికి ఉండొచ్చంటారు. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో పెద్ద ల్యాబ్ ఏదైనా టీటీజీ ఐజీఏ చేస్తుంది. ఏళ్ళ తరబడి రక్తం తక్కువని ఐరన్ మాత్రలు మింగుతున్న చెల్లెలో, అక్కో ఉంటే ముందు వాళ్ళకి చేయించండి. వాళ్ళకి కూడా పరీక్ష అయ్యేదాకా చపాతీ మానొద్దని చెప్పడం మర్చిపోకండి.