బయటికి వెళ్లే దారి ముందు చూడు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి నీ సంగతి చెప్పాడు. ఉగాది వెళ్లాక బరంపురంలో నువ్వూ నీ స్నేహితులూ ఆరుబయట సంగీత విభావరి పెడుతున్నారట. వెన్నెముక దెబ్బతిని చక్రాల కుర్చీలో తిరుగుతున్న నీ స్నేహితురాలు ఏ కచేరీకీ వెళ్లలేకపోతోందని నీకు ఈ ఆలోచన వచ్చిందట. ఆమెలాంటి వాళ్లనూ, చూపు లేనివాళ్లనూ, వినపడని పిల్లలనూ అందరితో పాటే పిలుస్తున్నారట. విని ఎంత పొంగిపోయానో రాయలేను. మన ఇంటి పిల్లకు ఈ ఆలోచన వచ్చిందంటే నా చంకకర్రలు ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఊరికే తిరగలేదు అనిపించింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. పర్లాకిమిడిలో కూర్చుని వేరే ఏమీ చేయలేను కనుక తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

వినపడని పిల్లలకు పాట ఎందుకని మీ నాన్న అడిగాడు. డప్పు మోత చెవికే కాదు, ఛాతీకీ అరికాళ్లకీ కూడా తగులుతుందని చెప్పు. చేతిలో గాలి ఊదిన బెలూను పెడితే అది వణుకుతూ తాళాన్ని వేళ్లకు అందిస్తుంది. ఆ పిల్లల కోసం కొంతమేర చెక్కపలకలు పరిపించు. పాట సాహిత్యాన్ని సైగల భాషలో చెప్పే మనిషి మీద చివరిదాకా వెలుతురు ఉండాలి.

పోలీసు అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి, జనరేటరు, ప్రథమ చికిత్స నీకు తెలియనివి కావు. రాత్రి పది దాటితే లౌడుస్పీకర్లు ఆపాలన్న నిబంధన 2000 నుంచీ ఉంది కాబట్టి ఆరింటికే మొదలుపెట్టు. ప్రకటనలు తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పించు. వీటి గురించి ఇంతకంటే రాయను.

నాకు నిద్ర లేకుండా చేసింది మీ నాన్న గొప్పగా చెప్పిన మాట. "వాళ్లందరికీ వేదిక ముందే ప్రత్యేకంగా కంచె కట్టిస్తోందక్కా, అందరికంటే ముందు వరుస" అన్నాడు. ఆ కంచె సంగతి నాకు తెలుసు తల్లీ. అందులో కూర్చున్నాను.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. పోలియో కాలు నిలబడటానికి కట్టే ఇనుప కాలిపరు, రెండు చంకకర్రలు. గంజాం జిల్లాలోనే ఒక ఊళ్లో వేసవిలో పెద్ద పాటకచేరి పెట్టారు. ఊరి పేరు, పెట్టినవాళ్ల పేరు రాయను, అందులో మంచి మనసున్నవాళ్లే ఎక్కువ. మమ్మల్ని చాలా మర్యాదగా పిలిచారు. గేటు దగ్గర పన్నీరు చల్లారు. వేదిక ముందు వెదురు బొంగులతో నలుచదరంగా కంచె కట్టి, బొంగులకు బంతిపూల దండలు చుట్టి, లోపల తివాచీ పరిచారు. అంత దగ్గర నుంచి కచేరి చూడటం నాకు అదే మొదలు. కూర్చోగానే ఒక కుర్రవాడు వచ్చి, దారికి అడ్డంగా ఉన్నాయని చెప్పి, నా కర్రలు తీసుకున్నాడు. మిగతావాళ్ల కర్రలూ తీసుకున్నాడు. మూడు చక్రాల బళ్లన్నీ వేదిక వెనక వరుసగా పెట్టించారు. కంచెకు ఉన్న ఒక్క సందుకూ తాడు కట్టి, దాని ముందు పెద్దల కోసం సోఫాలు వేశారు. చూడటానికి ఎంతో పొందికగా ఉంది.

ఎనిమిది దాటాక కాలబైశాఖి వచ్చింది. మన వైపు ఆ గాలివాన ఎంత సేపట్లో ముంచుకొస్తుందో నీకు చెప్పనవసరం లేదు. షామియానా ఒక పక్క లేచిపోయింది, కరెంటు పోయింది. ఎవరూ కంగారు పడవద్దని మైకులో సగం మాట వినిపించింది, తర్వాత అదీ ఆగిపోయింది. కాళ్లున్నవాళ్లు పరుగెత్తారు. మేము కూర్చునే ఉన్నాం. నా పక్కన ఒక తల్లి, మెడ నిలవని పెద్ద కొడుకు మీదికి వంగి తన వీపు అడ్డం పెట్టింది. బండి లేని ఒకాయన చేతులతో పాకుతూ బొంగుల దాకా వెళ్లాడు. ఆ చేతులను ఎవరో తొక్కుకుంటూ పోయారు. నేను తాడు ముడి విప్పబోయాను. చాలా గట్టిగా, బాగా కట్టిన ముడి అది. అంతలో ఎవరో ఇద్దరు అడగకుండా నన్ను చెరో రెక్కా పట్టి లేపారు. కాలిపరు కుర్చీ కాళ్ల మధ్య ఇరుక్కుంది. ఆగండి, ఆగండి అని అరిచాను. వాళ్లు నన్ను కాపాడుతున్నారు కాబట్టి నా మాట వినలేదు. ఆ మోకాలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

ఎవరి ప్రాణమూ పోలేదు. అందుకే అది వార్త కాలేదు. కర్రల్లో ఒకటి మర్నాడు బురదలో దొరికింది. నన్ను ఎక్కువగా బాధించింది వారం తర్వాత ఆ సంఘం వాళ్లు చెప్పుకున్న మాట: ఇకమీదట ఇలాంటివాళ్లను పిలవకపోవడమే క్షేమం. తప్పు ముడిలో ఉంది, కర్రలు తీసేయడంలో ఉంది, దారి మూసి వేసిన సోఫాల్లో ఉంది. వాళ్లకు మాత్రం మేము రావడంలోనే కనిపించింది. నీ కచేరిలో ఏదైనా జరిగితే నీ ఊళ్లోనూ ఇదే మాట అంటారని నా భయం. అదే జరిగితే నీ స్నేహితురాలికి ఇంకో ఇరవై ఏళ్లు పాట ఉండదు.

కాబట్టి కంచె వద్దు. ముందు వరుస వద్దు అనను, కోరుకున్నవాళ్లకు ఇవ్వు. కానీ చోటు చూసేటప్పుడు వేదిక కనిపిస్తుందా అనే ప్రశ్న కంటే ముందు, అక్కడి నుంచి ఎవరి సాయమూ లేకుండా రోడ్డెక్కగలరా అని చూడు. రెండు గేట్ల పక్కనా, నడవాల చివరా, చదునైన నేల మీద, అన్ని ధరల టికెట్లలోనూ చోట్లు వదిలిపెట్టు. తోడు వచ్చినవాళ్లు పక్కనే కూర్చోవాలి. చక్రాల కుర్చీకి మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు చోటు పడుతుంది. టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యాయని ఆఖరి నిమిషంలో ఎవరో వచ్చి ఆ నడవాల్లో కుర్చీలు వేస్తామంటారు, వేయనివ్వకు. 1997 జూన్‌లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయారు. అదనంగా సీట్లు వేసి దారి మూసేయడం దానికి ఒక కారణం. 2023 నవంబరులో కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో కచేరి మొదలుకాకముందే, వాన పడుతోందని జనం ఒకే గేటులోకి తోసుకువచ్చారు, లోపలికి దిగే మెట్ల మీద పడి నలుగురు చనిపోయారు. వాన వస్తే జనం బయటికే కాదు, లోపలికీ తోసుకువస్తారు. నీ గేట్ల దగ్గర ఒక్క మెట్టు కూడా ఉండకూడదు.

కర్ర, చక్రాల కుర్చీ, తెల్లకర్ర ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. నీ వాలంటీర్లకు మిగతా ఏదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుండాలి. కావాలంటే వాళ్ల చేత మూడుసార్లు చెప్పించు.

ఎత్తాల్సి వస్తే ఎలా ఎత్తాలో ఆ మనిషినే ముందే అడగాలి. కుర్చీ చేతులు ఊడివచ్చే రకం ఉంటుంది, వాటిని పట్టి ఎత్తితే మనిషి కింద పడతాడు, గట్టి చట్రాన్నే పట్టుకోవాలి. చూపు లేనివాళ్లను లాక్కుపోకూడదు. మోచేయి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు. కరెంటు పోతే మైకు పనిచేయదు, పనిచేసినా వినపడనివాళ్లకు అందదు. అందుకని బ్యాటరీ లైట్లు వేరుగా ఉంచి, అవి వెలిగితే లేచి ఏ వైపు వెళ్లాలో మొదటి పాటకు ముందే సైగల్లో చూపించు. చీకట్లో సైగలు కనిపించవు.

రంగురంగుల లైట్లు గబగబా కొట్టే కుర్రాళ్లకు ఒక మాట చెప్పు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే లైటు మూర్ఛవ్యాధి ఉన్న కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. మానేయడం మంచిది, మానలేకపోతే టికెట్టు మీదే హెచ్చరిక అచ్చు వేయించు. ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టవద్దు, నోట్లో ఏమీ కుక్కవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఊపిరి ఆడనివ్వాలి.

వేదిక సంగతి. పాడేవాళ్లలోనూ కుర్చీలో వచ్చే అబ్బాయి ఉన్నాడని విన్నాను. వేదిక నాలుగడుగుల ఎత్తు కడితే ర్యాంపు నలభై ఎనిమిది అడుగులు కావాలి, ఎందుకంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు ఉండాలి. అంత చోటు లేదని నిటారుగా పలక ఒకటి వేసి, నలుగురు కలిసి తోసేస్తారు. దానికంటే వేదికనే రెండున్నర అడుగులకు తగ్గించు, ముప్పై అడుగుల ర్యాంపు సరిపోతుంది. మమ్మల్ని ఎత్తుకుని వేదిక ఎక్కిస్తుంటే జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు పాటకు కావు.

ఇక ఆడపిల్లలు అడగలేనిది నేనే రాస్తాను. తాత్కాలిక మరుగుదొడ్లకు ముందు మెట్టు ఉంటుంది, తలుపు ఇరుకు. కచేరికి వెళ్లే రోజు మధ్యాహ్నం నుంచీ మంచినీళ్లు మానేసే అలవాటు నాకు చిన్నప్పుడే వచ్చింది. ఎండాకాలంలో అలా కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, తర్వాత రోజుల్లో ఇంకా ఇబ్బందులు వస్తాయి. ఒక్క మరుగుదొడ్డి అయినా మెట్టు లేకుండా, మూడడుగుల తలుపుతో, లోపల కుర్చీ తిరిగేలా, పట్టుకోవడానికి కడ్డీతో కట్టించు. అది దగ్గరలో ఉందని టికెట్టు అమ్మేటప్పుడే చెప్పు, అప్పుడు నీళ్లు తాగి వస్తారు.

వచ్చినవాళ్లను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పవద్దు. వాళ్లు డబ్బు పెట్టి పాట వినడానికి వచ్చారు. మైకు పట్టుకునే మనిషి "పాపం" అనే మాట అనకూడదని ముందే చెప్పు. జాతీయ గీతమో రాష్ట్ర గీతమో పాడిస్తే "నిలబడగలిగినవాళ్లు నిలబడండి" అని చెప్పించు. 2016లో పణజిలో ఒక మల్టీప్లెక్సులో జాతీయ గీతానికి లేవలేదని చక్రాల కుర్చీ వాడే రచయితను వెనక నుంచి కొట్టారు. లేవలేని వాళ్లకు మినహాయింపు ఉందని సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులోనే చెప్పింది. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. కావాలని నలుగురిలో మమ్మల్ని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఎవరైనా నోరు పారేసుకుంటే సర్దిచెప్పి పంపేయకు, చట్టం ఉందని చెప్పు. నీ వయసులో ఉన్నప్పుడు మాకు చెప్పడానికి అది కూడా లేదు.

ఇన్ని చెప్పి నిన్ను బెదరగొట్టానేమో. మొన్న మొన్నటిదాకా నా కర్రను గుర్రం చేసుకుని ఆడిన దానివి, నీతో కోపంగా మాట్లాడటం నాకు చేతకాదు. మీ తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని రెండేళ్లకొకసారి వచ్చే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకు బరంపురం తీసుకువెళ్లేవారు. పులివేషాలు, డప్పులు, దీపాలు, అందరి తలలకంటే ఎత్తున నేను. ఆ భుజాల మీద మోయలేనంత పెద్దదాన్నయ్యాక వెళ్లడం మానేశాను. డప్పు వినిపిస్తే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నువ్వు పెడుతున్న కచేరి గురించి విన్నప్పుడు మొదట నాకు గుర్తొచ్చింది అదే.

నేను వస్తున్నాను. ముందు రోజు ఉదయం బస్సెక్కుతాను. ఆ సాయంత్రం కుర్చీలు వేయకముందే నేనూ నీ స్నేహితురాలూ గేటు నుంచి సీట్ల దాకా, సీట్ల నుంచి మరుగుదొడ్డి దాకా, అక్కడి నుంచి రోడ్డు దాకా ఒకసారి తిరుగుతాం. మేము ఎక్కడ ఆగిపోతే అక్కడ అప్పటికప్పుడు సరిచేయడానికి వడ్రంగిని, నాలుగు పలకలను సిద్ధంగా ఉంచు. నా టికెట్టు డబ్బు మీ నాన్నకు పంపాను, వద్దనకు. సీటు మాత్రం గేటు పక్కన, నడవా చివర ఉండాలి.

మీ మేనత్త